హొజుమి, ఇద్దరు

సంచీ సర్దడం ఎప్పుడూ ఫుసాకో పనే. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె చాపగది నడుమ బూడిదరంగు సంచీ పెట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, ఒక్కొక్కటే అందులో పేరుస్తోంది. అడుగున భర్త కన్జి లోబట్టలు మూడు జతలు, వాటిమీద ఉన్ని చొక్కా, పక్కన మోకాలి పట్టీలు. ఏ కోట మేడలోకి పోయినా గుమ్మంలోనే బూట్లు విప్పి చేత పట్టుకు తిరగాలి. అందుకోసం ఆమె కుట్టిన గుడ్డసంచీ ఒకటి. ఒకటే. రెండోదాని అవసరం ఇంతవరకూ పడలేదు.

పైన ఇంకు దిండు. కోటల దగ్గర పెట్టే దిండ్లు ఎండిపోయి ముద్ర సగం సగం పడుతుందని కన్జి సొంతది తీసుకెళ్తాడు. దానిమీద, వాన తగలకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన పుస్తకం. చూడదగ్గ నూరు కోటల పేర్లు అందులో అచ్చువేసి ఉంటాయి. కోటకి పోయినవాళ్ళు అక్కడుండే రబ్బరు ముద్ర కుడి పేజీలో వేసుకుంటారు. ఎడమ పేజీ మాత్రం కన్జి సొంత ఏర్పాటు. ఆ ఊరి పేరుపడ్డ వంటకం తిని, దాని పేరూ తేదీ రాసి, బాగుంటే సున్నా, మరీ బాగుంటే సున్నాలో సున్నా, బాగోకపోతే త్రికోణం గీస్తాడు. ముద్రా వంటకం రెండూ ఉంటేనే కోట పూర్తయినట్టు. నీళ్ళ శాఖ ఉద్యోగం విరమించిన పదకొండేళ్ళలో తొంభైతొమ్మిది పూర్తయ్యాయి. మిగిలింది కొండల్లో ఉన్న సుగానొ కోట ఒక్కటే.

కన్జి పొట్టి బల్ల దగ్గర కూచుని ప్రయాణం పట్టీ రాసుకుంటున్నాడు. రైలు వేళలు నల్ల పెన్సిలుతో, తిండి వేళలు ఎర్ర పెన్సిలుతో. శనివారం తొమ్మిదిన్నరకి తను కోట ఎక్కుతాడు, పదింటికల్లా ఆమె కోట కింది సోబా కొట్టు దగ్గర నిలబడుతుంది, పదకొండున్నరకి తను దిగుతాడు, ఇద్దరూ కొత్త పంట సోబా తింటారు అని చదివి వినిపించాడు. ఆ కొట్టువాళ్ళు పొద్దున్నే పిండి కలిపి, చేత్తో సన్నగా నూడుల్స్ కోసి, అరవై పళ్ళేలు అమ్ముడు కాగానే తలుపు మూసేస్తారట.

ఫుసాకో ఉన్ని చొక్కా చేతులు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"ఈసారి నేను కూడా పైకి వస్తానండీ."

కన్జి పెన్సిలు ఎత్తలేదు. "మరి కొట్టు దగ్గర ఎవరు నిలబడతారు?" అన్నాడు. అందులో కోపం లేదు. వెటకారం లేదు. ఇల్లు తాళం వేసి పోతుంటే గ్యాసు ఎవరు కట్టేస్తారు అని అడిగినట్టే ఉంది.

"కోట సోమవారం నుంచి మూసేస్తారట. పేపర్లో వేశారు. భూకంపానికి నిలిచేలా దూలాలు బిగిస్తారట, ఎనిమిదేళ్ళు."

"తెలుసు. అందుకేగా పరుగెత్తుకుపోతున్నాం."

"ఎనిమిదేళ్ళకి నాకు డెబ్బైతొమ్మిదండీ."

"నాకు ఎనభై రెండు," అన్నాడు కన్జి, పేకాటలో పెద్ద ముక్క దించినవాడిలా.

ఆమె ఆవపిండి రంగు ఉన్నిటోపీ సంచీ మీద పెట్టి జిప్పు లాగింది. అది కన్జి పెట్టుకునే టోపీ, కానీ అతనికి నచ్చదు. ఎంత గుంపులోనైనా కనబడుతుందని ఆమే కొంది.

ఆమె కోటలు చూడలేదని కాదు. తొంభైతొమ్మిది కోటల రాతిగోడలు చూసింది. కందకాల్లో చేపలకి మేత వేసింది. ఏ కోట దగ్గర మరుగుదొడ్డి వెచ్చగా ఉంటుందో, ఏ బెంచీకి మధ్యాహ్నం ఎండ వస్తుందో అడిగితే చెప్పగలదు. మొదటి కోట దగ్గర వాలుగచేపల కొట్టు ముందు జనం ఉంటే, నువ్వు నిలబడు నేను చూసొస్తా అన్నాడు కన్జి. అది అలా స్థిరపడిపోయింది. మేడ ఎక్కి దిగినవాళ్ళ మొహాల్లో గాలి కొట్టిన ఎరుపు ఉంటుంది. ఆ ఎరుపుని కిందనుంచి తొంభైతొమ్మిది సార్లు చూసింది.

*

శుక్రవారం మూడు రైళ్ళు మారి సుగానొ చేరారు. రెండో స్టేషన్లో నాలుగు నిమిషాల వ్యవధిలో ఫుసాకో పరుగెత్తి రెండు అన్నం పెట్టెలు కొనుక్కొచ్చింది. చెస్ట్‌నట్లు వేసి వండిన అన్నం, పక్కన ఊరేసిన ఎర్రముల్లంగి. కన్జి మెచ్చుకుంటూ తిన్నాడు కానీ ఆ ఊళ్ళో కోట లేదు గనక పుస్తకంలోకి ఎక్కదన్నాడు.

స్టేషను బయటికి రాగానే కోట కనబడింది. ఊరికి నడిమధ్య గుట్ట, గుట్ట మీద మూడంతస్తుల నల్ల మేడ. సున్నం తాకని నల్ల చెక్క. కన్జి టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. తర్వాతెప్పుడో కట్టిన సిమెంటు కోట కాదు, నాలుగు వందల ఏళ్ళ చెక్కే, లిఫ్టూ గిఫ్టూ ఏమీ లేవు అని ఆమెకి చెబుతున్నట్టు తనకే చెప్పుకున్నాడు. ఫుసాకో పై అంతస్తు కిటికీ చూస్తోంది. అక్కడ ఎవరిదో చెయ్యి బయటికి వచ్చి ఊగింది. ఎవరి కోసమో మరి.

బసలో సాయంత్రం భోజనం గదికే తెచ్చారు. ఉప్పు రాసి పుల్లకి గుచ్చి కాల్చిన ఏటిచేప, కుండలో ఉడుకుతున్న పుట్టగొడుగులు, ఊరేసిన టర్నిప్ ఆకు. చేప తోక మీది ఉప్పు పెళుసుగా, తెల్లగా విరుగుతోంది. బస యజమానురాలు చారు వడ్డిస్తూ, రేపు ఇద్దరూ ఎక్కుతారా అమ్మా, పై అంతస్తు నుంచి చూస్తే ఊరు దువ్విన జడలా ఉంటుంది అంది.

"ఈవిడకి మెట్లు పడవు," అన్నాడు కన్జి, చేప ముల్లు పక్కన పెడుతూ.

అయ్యో పాపం అంది ఆవిడ. ఫుసాకో తల వంచి చారు తాగింది. హమామత్సులో వాళ్ళుండే ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. బియ్యం బస్తా, కిరసనాయిలు డబ్బా, నెలనెలా పాత వార్తాపత్రికల కట్టకి బదులుగా ఇచ్చే మరుగుదొడ్డి కాగితం చుట్టలు, అన్నీ మోసేది ఆమే. అబద్ధం చెబుతున్నట్టు కన్జి మొహంలో ఎక్కడా లేదు. అతను నిజమనే అనుకుంటున్నాడు. ఎన్నాళ్ళనుంచి అనుకుంటున్నాడో ఆమెకి తెలియలేదు. ఆ రాత్రి ఏటి చప్పుడు వింటూ ఆమె దీని గురించే ఆలోచించింది.

*

శనివారం ఈదరగాలి. సోబా కొట్టు గుట్ట కిందే, రాతిగోడని ఆనుకున్న సన్నటి వీధిలో ఉంది. గుమ్మానికి నీలం తెర, తలుపు పక్క మేకుకి ఒక అట్ట, అట్టకి క్లిప్పుతో కాగితం, దారానికి కట్టిన పెన్సిలు. పెన్సిలు ముక్క బొటనవేలంత కూడా లేదు. పెన్సిలు ఎంత పొట్టిదైతే కొట్టు అంత మంచిదని ఫుసాకో లెక్క.

కాగితం మీద నాలుగు పేర్లు అప్పటికే ఉన్నాయి. ఐదో గీత మీద ఆమె తమ ఇంటిపేరు రాసింది: హొజుమి, ఇద్దరు. పిలిచేవాళ్ళు తడబడకుండా, పిల్లలు కూడా చదివే సులువైన అక్షరాల్లో రాసింది. చాపమీదైనా బల్లదగ్గరైనా సరే అన్న చోట సున్నా చుట్టింది. రాసినవాళ్ళు గోడ పొడుగునా నిలబడొచ్చు, బెంచీ మీద కూచోవచ్చు, పిలుపు వినబడేంత దూరంలో తిరగొచ్చు. కానీ పిలిచినప్పుడు రాసిన తలలన్నీ ఉండాలి. లేకపోతే తర్వాతివాళ్ళు పోతారు. మూడుసార్లు పిలిచాక పేరు మీద గీత పడుతుంది. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు. నిలబడి నిలబడి నేర్చుకున్నది.

ఆమె బెంచీ మీద కూచోలేదు. గాలి హోరులో పిలుపు వినబడదేమోనని తలుపుకి రెండడుగుల దూరంలో, మెడగుడ్డ చెవుల మీదికి రాకుండా పట్టుకుని నిలబడింది.

పదకొండూ నలభైకి కొట్టువాళ్ళావిడ, తోకి అనే ఆమె, తెర తొలగించి, హొజుమి గారూ, ఇద్దరూ అని పిలిచింది. అరవయ్యేళ్ళ మనిషి, చేతులకి మోచేతుల దాకా పిండి. ఫుసాకో చెయ్యెత్తింది. మీవారేరీ అని ఆవిడ అడిగింది. వచ్చేస్తున్నారు అని ఫుసాకో గుట్ట మెట్ల వైపు చూసింది. ఆవపిండి రంగు టోపీ కనబడలేదు. పన్నెండింటికి రెండోసారి పిలిచింది. తర్వాత మూడోసారి. మూడోసారి ఫుసాకో చెయ్యెత్తలేదు, తల వంచింది. తోకి మొహం ఇబ్బందిగా పెట్టి పెన్సిలుతో గీత గీసింది. ఫుసాకో పోయి కాగితం మీద అన్ని పేర్ల కిందా మళ్ళీ రాసింది. ఇరవైమూడో పేరు. పన్నెండూ యాభైకి తోకి బయటికి వచ్చి, మిగిలినవాళ్ళకి నడుము వంచి దణ్ణం పెట్టి, పిండి అయిపోయిందని చెప్పి అట్ట తీసుకుని లోపలికి పోయింది.

కన్జి ఒంటిగంటకి దిగొచ్చాడు. గాలి ఎక్కువగా ఉందని మేడలోకి ముప్పయ్యేసి మందినే వదిలారట. అది కొంత. పైన ఒకాయన రాళ్ళ పేర్పు గురించి అడిగితే చెప్పకుండా ఎలా వస్తాను అన్నది మిగతా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం తెరిచి చూపించాడు. నూరో ముద్ర నిటారుగా, అంచులు తెగకుండా, మేడ కప్పు మీది పెంకులతో సహా పడింది. అప్పుడు తెర తీసేసి మూసిన గుమ్మం చూశాడు.

"ఏమైంది?"

చెప్పింది.

"పదింటినుంచి ఇక్కడే ఉన్నావు కదా. నీకున్నది ఒక్క పని. నిలబడడం. అది కూడా నీవల్ల కాలేదా?"

గొంతు పెంచలేదు. పెంచకపోయినా వీధి సన్నటిది. రాతిగోడ పక్కన ఇంకా ఉన్న నలుగురూ ఒకేసారి కోటవైపు తలలు తిప్పుకున్నారు. ఫుసాకో తన బూటు లేసు చూసుకుంది. అది ఊడిపోయి ఉంది. ఎప్పుడు ఊడిందో. వంగి కట్టుకుంది, విప్పి మళ్ళీ కట్టుకుంది. లేచేసరికి అతను స్టేషను వైపు నడిచిపోతున్నాడు.

స్టేషను ఎదుట కూర అన్నం తిన్నారు, ఏ ఊళ్ళోనైనా దొరికేదే. కన్జి పుస్తకం ఎడమ పేజీ తెరిచి, ఖాళీ చూసి, మూసేశాడు. ఆ సాయంత్రం బసలో బాతుమాంసం కుండ వచ్చింది. బాగుంది. ఇద్దరూ ఆ మాట అనుకోలేదు.

*

ఆదివారం గాలి పడిపోయింది. కన్జి పట్టీ మార్చి రాశాడు. రైలు రెండూ పదికి. పదింటికల్లా ఇద్దరూ కొట్టు దగ్గర ఉంటారు. ఫుసాకో అతని మెడగుడ్డ ముడి సరిచేస్తూ అంది, తను పైకి వెళ్తానని.

"పైకి అంటే?"

"కోట మీదికి. మీ ముద్ర అయిపోయింది కదా. ఇవాళ మీరు నిలబడండి."

కన్జి ఆమె వైపు, గోడ గడియారం నోరు తెరిచి మాట్లాడినట్టు చూశాడు. మెట్లు అని ఏదో మొదలుపెట్టాడు.

"మన ఇల్లు నాలుగో అంతస్తండీ."

ఆ మాట అతనికి అర్థమయ్యేందుకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. సరే, పదకొండున్నరకి మాత్రం దిగాలి అన్నాడు.

"దిగుతాను. అక్కడ తలుపు పక్కన ఒక..."

"క్యూలో నిలబడడానికి కూడా పాఠం చెప్తావా నాకు? నిలబడడం ఎవరికి రాదు?"

ఫుసాకో సంచీ జిప్పు తీసి, అందులోంచి బూట్ల గుడ్డసంచీ తీసుకుని, జిప్పు వేసి, సంచీ అతని చేతికిచ్చింది. అది మోయడం అతనికి అలవాటు లేదు. ఏ భుజానికి తగిలించుకోవాలో రెండుసార్లు మార్చి చూశాడు.

గుట్ట మెట్ల సగంలో ఒక ముసలాయన బొగ్గుల మీద అన్నం బిళ్ళలు కాలుస్తున్నాడు. దంచిన అన్నం చెక్కపుల్లకి అతికించి, మిసో అనే ఉప్పటి సోయా ముద్దలో అక్రోటు నూరి పూసి, ఒక పక్క మాడి బుడగలు వచ్చేదాకా తిప్పుతాడు. ఆమె ఒకటి కొంది. రెండు కొనడానికి వేళ్ళు ఎత్తి, ఒకటి దించుకుంది. రాతిమెట్టు మీద కూచుని తింది. ముద్ద తియ్యగా, ఉప్పగా, అడుగున చేదుగా ఉంది. బుగ్గకి అంటింది. ఎవరూ ఆమె కోసం తొందరపడడం లేదు. అందులో సగం మిగిల్చి దాచాలన్న ఆలోచన వచ్చింది, పోయింది. పుల్ల నాకి పారేసింది.

మేడ గుమ్మంలో బూట్లు విప్పి తను కుట్టిన సంచీలో పెట్టుకుంది. నేల చల్లదనం మేజోళ్ళలోంచి అరికాళ్ళకి ఎక్కింది. వేల పాదాలు తుడిచి తుడిచి చెక్క నూనె రాసినట్టు ఉంది. మెట్లు మెట్లలా లేవు, అటక నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. ముందు పోతున్న పడుచుపిల్లలు ఓరి దేవుడో అని నవ్వుతూ తాడు పట్టుకున్నారు. ఫుసాకో తాడు పట్టుకోలేదు. సంచీ మణికట్టుకి వేసుకుని, కిరసనాయిలు డబ్బా మోసినప్పుడు వేసినట్టే పాదం అడ్డంగా వేస్తూ ఎక్కింది. తల వంచండి, దూలం ఉంది అని కాపలా మనిషి అంటున్నాడు. ఆమె వంచింది. రెండో అంతస్తు చీకటిగా, పాత పొగ వాసనతో ఉంది. మూడోదానిలో నాలుగు వైపులా కిటికీలు.

ఊరు నిజంగానే దువ్విన జడలా ఉంది. నల్ల కప్పులు వరసలుగా, వాటి మధ్య ఏరు, ఏటి అవతల కొండల మీద నిన్న పడిన మంచు. గాలి వచ్చి కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఆమె నడిమి స్తంభం మీద అరచెయ్యి పెట్టింది. దానికి ఎవరి గొడ్డలి గాట్లో ఇంకా ఉన్నాయి. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, నాలుగూ తిరిగింది. నాలుగోది రాతిగోడ వీధి మీదికి ఉంది.

ఆవపిండి రంగు టోపీ వెంటనే కనబడింది. అందుకే కదా కొన్నది.

గోడ పొడుగునా పదిహేనుమంది దాకా నిలబడి ఉన్నారు, కన్జి ఆఖరున. ఇద్దరు వచ్చారు. తలుపు దగ్గరికి పోయి, వంగి, రాసి, వచ్చి కన్జి వెనక నిలబడ్డారు. తెర కదిలింది. పిలుపు ఇక్కడికి వినబడదు. ముందున్న ముగ్గురు లోపలికి పోయారు. కన్జి మూడడుగులు ముందుకి జరిగాడు. తర్వాత మధ్యనుంచి నలుగురు పోయారు. అతను మళ్ళీ జరిగాడు. కాసేపటికి అతని ముందు ఎవరూ లేరు. తెర కదిలింది. అతను ఒకడుగు వేశాడు. అతని వెనకున్న ఇద్దరు, పక్కనుంచి దాటి, లోపలికి పోయారు. టోపీ అటూ ఇటూ తిరిగింది.

ఫుసాకోకి అప్పుడు తెలిసింది. అతను పేరు రాయలేదు. రాయాలని అతనికి తెలియదు. ఎప్పుడూ పిలుపు వేళకి దిగొచ్చి, ఆమె వెనక లోపలికి నడిచేవాడు. పిలిచేవాళ్ళకి హొజుమి అన్న పేరు ఎలా తెలుసని పదకొండేళ్ళలో అతనికి ఒక్కసారీ అనుమానం రాలేదు.

గంట పదకొండూ ఇరవై. మేడ దిగడానికి ఐదు నిమిషాలు, గుట్ట దిగడానికి పది. ఇప్పుడు బయల్దేరితే ఇరవయ్యో గీత మీదైనా పేరు పడుతుంది, పిండి ఉంటుంది. ఆమె బూట్ల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మెట్ల దాకా పోయింది కూడా. దిగేవాళ్ళు ముందా ఎక్కేవాళ్ళు ముందా అని కాపలా మనిషి చూస్తున్నాడు. రండమ్మా, మీరు దిగండి అన్నాడు.

ముందు వాళ్ళని రానివ్వండి అంది ఫుసాకో. వెనక్కి వచ్చి నాలుగో కిటికీ మూల నిలబడింది.

పరాయి ఇంట్లో అలమర తెరిచినట్టుగా ఉంది. అయినా కదల్లేదు. కింద వీధిలో టోపీ చిన్నగా, ఒంటరిగా, గోడకి అతుక్కుని ఉంది. దాటిపోతున్నవాళ్ళని అతను ఆపడు, అడగడు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. భుజం మీది సంచీ ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి మారుతోంది. పన్నెండయింది. పన్నెండున్నర అయింది. ఆమె ఏరు చూసింది, మంచు చూసింది, మళ్ళీ టోపీ చూసింది.

*

ఆమె వీధిలోకి వచ్చేసరికి తోకి అట్ట తీస్తోంది. కన్జి మొహం బిగుసుకుని ఉంది.

"దొంగ కొట్టు ఇది. తెలిసినవాళ్ళని పిలుచుకుని పెడుతున్నారు. నా తర్వాత వచ్చినవాళ్ళు తిని, నోరు తుడుచుకుని మరీ పోయారు."

ఆ మాట తోకి చెవిన పడింది. కంగారుగా వచ్చి, పేరు రాశారా బాబుగారూ అని అడిగింది.

"ఏం పేరు?"

తోకి అట్ట తిప్పి చూపించింది. ముప్పై ఒక్క పేర్లు, వాటి మీద గీతలు. కన్జి కళ్ళద్దాలు పైకి తోసుకుని పైనుంచి కింది దాకా చదివాడు. తనది ఎక్కడా లేదు. గాలికి పై కాగితం లేచింది, కింద నిన్నటిది ఉంది. అందులో ఐదో గీత మీద హొజుమి, ఇద్దరు. దానిమీద కొట్టివేత. ఇరవైమూడో గీత మీద మళ్ళీ హొజుమి, ఇద్దరు. భార్య చేతిరాత అతనికి తెలుసు. సామాన్ల పట్టీల్లో, సంచీలకి కట్టే చీటీల్లో రోజూ చూసేదే.

"నిన్న అమ్మగారిని మూడుసార్లు పిలిచానండీ," అంది తోకి. "ఆ గాలిలో బెంచీ మీద కూడా కూచోలేదు, వినబడదేమోనని. గీత గీయడానికి నాకే మనసు ఒప్పలేదు."

కన్జి చాలాసేపు కాగితం చూశాడు. తర్వాత ఫుసాకోని అడిగాడు.

"ఇది ప్రతి చోటా ఉంటుందా?"

"ఉంటుంది."

"తొంభైతొమ్మిది చోట్లా?"

"కొన్నిచోట్ల సుద్దబల్ల."

తోకి ఉండండంటూ లోపలికి పోయి రెండు గిన్నెలు తెచ్చింది. నూడుల్స్ ఉడికించిన నీళ్ళు, గంజిలా తెల్లగా, వేడిగా. తిన్నవాళ్ళకి ఆఖర్న పోసేవి. నిలబడే తాగారు. కన్జి గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఆవిరికి అద్దాలు మసకబారినా తీయకుండా, అడుగుదాకా తాగాడు. గిన్నె తిరిగి ఇస్తూ తోకికి నడుము వంచాడు. మామూలుకంటే కాస్త ఎక్కువే వంచాడు. ఫుసాకో వైపు చూడలేదు.

రైల్లో పుస్తకం తీశాడు. ఎడమ పేజీలో ఉడికిన నీళ్ళు రాయొచ్చా అని ఆలోచించినట్టుంది, పెన్సిలు కాసేపు పట్టుకుని పెట్టేశాడు.

"వచ్చే ఏడాది కొత్త పంటకి వద్దాం. కోట మూసినా కొట్టు ఉంటుంది కదా. పేరు నేను రాస్తా."

సరేనంది. సొరంగం వచ్చింది. కిటికీ అద్దంలో ఇద్దరి మొహాలూ కనబడి, వెలుగు రాగానే పోయాయి.

"పైనుంచి ఏం కనబడింది?"

"ఏరు. మంచు. ఊరంతా."

"కొట్టు?"

"కనబడింది."

ఇంకో సొరంగం దాటాక కన్జి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దాని అంచు వేలితో తిప్పుతూ అడిగాడు.

"ఇది?"

ఆమె అబద్ధం చెప్పొచ్చు. ఎండ కళ్ళలో పడిందనొచ్చు.

"కనబడింది."

"ఎంతసేపు?"

"గంటన్నర."

కన్జి తల ఊపాడు. ఎందుకు దిగిరాలేదని అడుగుతాడేమోనని ఆమె హమామత్సు దాకా ఎదురుచూసింది. జవాబు కూడా పేర్చి పెట్టుకుంది. అతను అడగలేదు. స్టేషన్లో సంచీ తనే దించాడు. నాలుగంతస్తులూ తనే మోశాడు, ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుంటూ, మెట్లు లెక్కపెడుతున్నవాడిలా.

*

కొత్త సంవత్సరం వెళ్ళాక కన్జికి దగ్గు పట్టుకుంది. వీధి డాక్టరు ఉత్తరం రాసి పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. ఫుసాకో చాపగది నడుమ బూడిదరంగు సంచీ పెట్టుకుని మోకాళ్ళ మీద కూచుంది. లోబట్టలు ఐదు జతలు, తువ్వాళ్ళు, పడకబట్టలు, కట్టుడుపళ్ళ గిన్నె. ఆఖర్న కన్జి వచ్చి పుస్తకం పైన పెట్టాడు. ముద్రలు ఎక్కడున్నాయండీ అక్కడ అంది ఆమె. ఎడమ పేజీలు చదువుకుంటానన్నాడు.

ఆసుపత్రి పై అంతస్తులో, వార్డు గుమ్మం పక్క బల్ల మీద, చేరేవాళ్ళు పేరు రాసే కాగితం ఉంది. అట్ట, క్లిప్పు, దారానికి కట్టిన పెన్సిలు. ఫుసాకో చెయ్యి అలవాటుగా ముందుకి పోయింది.

"ఉండు. నేను రాస్తా."

కన్జి అద్దాలు పైకి తోసుకుని, సులువైన అక్షరాల్లో, పిలిచేవాళ్ళు తడబడకుండా, హొజుమి అని రాశాడు. తర్వాత పెన్సిలు గాలిలో ఆగింది. కాగితం ఆ చివరనుంచి ఈ చివరకి వెతికాడు.

"ఎంతమంది అని గడి లేదే."

"ఇక్కడ ఒక్కరికే అండీ."

ఓహో అన్నాడు. పెన్సిలు దారం చిక్కు విప్పి, బల్ల మీద నిటారుగా పెట్టాడు.

అది ఫిబ్రవరి ఆరో తేదీ. హొజుమి కన్జి ఆ మేడ దిగి ఇంటికి తిరిగి రాలేదు. మార్చి పంతొమ్మిది ఉదయం పోయాడు.